గుర్రం నిలబడేది వేలి కొన మీద

గుర్రం ముంగాలి మధ్యలో ఉబ్బెత్తుగా కనిపించే కీలును అందరూ మోకాలు అంటారు. స్వారీ బడుల్లోనూ రేసుకోర్సుల్లోనూ అదే పేరు. ఎముకల లెక్కన చూస్తే అది మణికట్టు. దానికి పైన, ఛాతీకి ఆనుకుని ఉండేది మోచేయి. వెనుక కాలిలో వెనక్కి కోసుగా పొడుచుకొచ్చే కీలును హాక్ అంటారు, అది మనకు మడమ ఉండే చోటు. అసలు మోకాలు, చిప్పతో సహా, ఇంకా పైన డొక్క పక్కన దాగి ఉంటుంది. దాని పేరు స్టైఫిల్. ముంగాలి మణికట్టు నుంచి నిటారుగా దిగే పొడవాటి ఎముక కెనన్ బోన్. మన అరచేతిలో నడివేలికి ఆధారంగా ఉండే ఎముకే గుర్రంలో అంత పొడుగు సాగింది. దాని కింద ఫెట్‌లాక్ అనే కీలు, ఆ తర్వాత ఏటవాలుగా ఉండే పాస్టర్న్, చివరికి గిట్ట. ఆ గిట్ట నడివేలి గోరు. దాదాపు అర టన్ను బరువుండే జంతువు నాలుగు వేళ్ల కొనల మీద నిలబడుతుంది, నడుస్తుంది, గంటకు 60 కిలోమీటర్లు దాటే వేగంతో పరుగెడుతుంది.

ఈ ఒక్క సంగతి పట్టుబడితే స్వారీలో వినిపించే మాటల్లో సగం వాటంతట అవే అర్థమవుతాయి. జీను ఎక్కడ వేయాలి, కళ్లెం నోట్లో ఎక్కడ ఆనాలి, ట్రాట్ అనే నడకలో రౌతు ఎందుకు లేచి కూర్చోవాలి, కాలు విరిగిన గుర్రాన్ని బతికించడం ఎందుకంత కష్టం అన్న ప్రశ్నలన్నిటికీ జవాబు ఆ ఒంటి నిర్మాణంలోనే ఉంది.

మణికట్టు, హాక్‌ల కింద గుర్రం కాలిలో కండ అంటూ దాదాపు ఉండదు. ఎముక, చర్మం, వాటి మధ్య తాళ్లలాంటి స్నాయువులు, అంతే. కండలన్నీ పైన భుజంలోనూ తొడలోనూ ఉంటాయి. కాలి చివర ఎంత తేలికగా ఉంటే దాన్ని ముందుకీ వెనక్కీ ఊపడానికి అంత తక్కువ శక్తి చాలు. గిట్ట నేలను తాకగానే ఫెట్‌లాక్ కిందికి కుంగుతుంది, దాని వెనుక ఉన్న స్నాయువులు సాగి శక్తిని దాచుకుంటాయి, కాలు లేచేటప్పుడు ఆ శక్తిని తిరిగి ఇచ్చేస్తాయి. దౌడులో గుర్రం ఖర్చుపెట్టే శక్తిలో కొంత ఇలా ప్రతి అడుగులోనూ వెనక్కి వస్తుంది. అయితే రేసు గుర్రాలు ఎక్కువగా గాయపడేది కూడా ఈ స్నాయువుల్లోనే. వాటికి రక్తప్రసరణ తక్కువ కాబట్టి గాయం మానడానికి నెలలు పడుతుంది. గుర్రం నిలబడి కునుకు తీయగలగడం కూడా ఈ ఏర్పాటు వల్లే. కీళ్లను బిగించి నిలిపే స్నాయువుల అమరిక ఉంది కాబట్టి కండలకు పెద్దగా పని పడదు. గాఢనిద్రకు మాత్రం అది నేల మీద ఒరగాల్సిందే.

కెనన్ బోన్‌కు రెండు పక్కలా పుల్లల్లాంటి సన్నటి ఎముకలు అతుక్కుని ఉంటాయి. వీటిని స్ప్లింట్ ఎముకలంటారు. లేత గుర్రాన్ని గట్టి నేల మీద ఎక్కువగా తిప్పితే ఇక్కడ వాచి గడ్డ కడుతుంది, ఆ గడ్డనూ స్ప్లింట్ అనే పిలుస్తారు. ఒకప్పుడు గుర్రానికి చూపుడువేలు, ఉంగరపువేలు ఉండేవనడానికి మిగిలిన ఆనవాళ్లు ఆ రెండు ఎముకలు.

ఆ వేళ్లు పోవడానికి కోట్ల ఏళ్లు పట్టింది. సుమారు 5.5 కోట్ల ఏళ్ల కిందట ఉత్తర అమెరికా అడవుల్లో తిరిగిన ఇయోహిప్పస్ నక్కంత జంతువు. ముందు కాళ్లకు నాలుగేసి వేళ్లు, వెనుక కాళ్లకు మూడేసి. లేత ఆకులు, పళ్లు తిని బతికేది. తర్వాత వచ్చిన మీసోహిప్పస్‌కు అన్ని కాళ్లకూ మూడేసి వేళ్లే మిగిలాయి. వాతావరణం పొడిబారి అడవులు పలచబడి గడ్డిమైదానాలు పరుచుకున్నాక, సుమారు 1.7 కోట్ల ఏళ్ల కిందటి మెరిచిప్పస్ నాటికి పళ్లు మారాయి. గడ్డిలో సిలికా ఉంటుంది, దాంతోపాటు మట్టీ నోట్లోకి వస్తుంది, పళ్లు అరిగిపోతాయి. అందుకే పొడవైన దంతాలు, ఏటా కొన్ని మిల్లీమీటర్ల చొప్పున చిగురు నుంచి పైకి జరుగుతూ వచ్చేవి, ఈ వంశానికి దక్కాయి. బయలు నేలలో దాక్కోవడానికి చెట్టు లేదు, పారిపోవాలి. కాళ్లు పొడుగయ్యాయి, పక్క వేళ్లు నేలకు అందకుండా పోయాయి. ఒంటి గిట్టతో నేటి ఈక్వస్ జాతి కనిపించేది 40 లక్షల ఏళ్ల కిందటి నుంచి.

పాఠ్యపుస్తకాల బొమ్మల్లో ఈ కథను చిన్న జంతువు, పెద్ద జంతువు, ఇంకా పెద్ద జంతువు అంటూ మెట్ల వరుసగా చూపిస్తారు. 1876లో బ్రిటన్ శాస్త్రవేత్త హక్స్‌లీ అమెరికా వెళ్లి యేల్ విశ్వవిద్యాలయంలో శిలాజ శాస్త్రవేత్త మార్ష్ సేకరించిన శిలాజాలను చూసినప్పటి నుంచి, పరిణామానికి రుజువుగా ఆ వరుస లోకప్రసిద్ధమైంది. రుజువుగా అది గట్టిదే, బొమ్మగా మాత్రం తప్పుదారి పట్టిస్తుంది. గుర్రాల వంశవృక్షానికి లెక్కలేనన్ని కొమ్మలు, వాటిలో చాలావరకు ఎండిపోయాయి. ఒంటి గిట్ట జంతువులు వచ్చాక కూడా మూడు వేళ్ల హిప్పారియన్ రకాలు చాలాకాలం బతికాయి. వాటి ఎముకలు మన శివాలిక్ కొండల్లోనూ దొరికాయి. అదే కొండల్లో ఈక్వస్ శిలాజాలూ ఉన్నాయి.

పుట్టిన అమెరికాలోనే గుర్రం సుమారు 10 వేల ఏళ్ల కిందట అంతరించిపోయింది. అప్పటికే అలాస్కా, సైబీరియాల మధ్య బేరింగ్ ప్రాంతంలోని నేల మీదుగా ఆసియాకు దాటిన మందలే వంశాన్ని నిలబెట్టాయి. 1493లో కొలంబస్ రెండో ప్రయాణంలో ఓడల మీద కరీబియన్ దీవులకు చేరినవి ఆ మందల సంతతే. అమెరికా ఆదివాసుల జీవితంతో ముడిపడిన గుర్రాలన్నీ యూరప్ నుంచి తిరిగొచ్చిన వాటి వారసత్వం.

మనిషి గుర్రాన్ని ఎక్కడ మచ్చిక చేశాడన్న ప్రశ్నకు జవాబు ఈమధ్యే తేలింది. కజకిస్తాన్‌లోని బోటాయ్‌లో 5,500 ఏళ్ల కిందటి గుర్రపు ఎముకలు, కుండల్లో గుర్రపు పాల ఆనవాళ్లు దొరకడంతో అదే పుట్టిల్లని నమ్మేవారు. 2018లో ఆ ఎముకల డీఎన్ఏ చదివాక ఆ నమ్మకం చెదిరింది. బోటాయ్ గుర్రాల వంశం నేటి పెంపుడు గుర్రాలది కాదు, మంగోలియా ప్రెజ్‌వాల్స్కీ గుర్రాలది. 2021లో ఫ్రాన్స్‌కు చెందిన లుడోవిక్ ఓర్లాండో బృందం 273 పురాతన గుర్రాల జన్యువులను పోల్చి, నేటి పెంపుడు గుర్రాల మూలం నేటి రష్యాలోని వోల్గా, డాన్ నదుల దిగువ మైదానాలని తేల్చింది. సుమారు క్రీ.పూ. 2200 తర్వాత ఆ ఒక్క రకమే యూరప్, ఆసియాలంతటా పాకి మిగతా రకాలను తుడిచిపెట్టింది. ఆ విజయానికి తోడ్పడినట్టు కనిపించే జన్యువులు ప్రధానంగా రెండు. ఒకటి వెన్ను బలానికి సంబంధించింది, రెండోది భయానికీ నిదానానికీ సంబంధించింది. బరువు మోయగల వీపు, మనిషి దగ్గర బెదరని స్వభావం ఉన్న గుర్రాలను నాటి పశుపాలకులు ఏరి ఏరి పెంచారన్న మాట.

దగ్గరి చుట్టాల మధ్య తేడా క్రోమోజోముల్లో తెలుస్తుంది. ప్రెజ్‌వాల్స్కీ గుర్రానికి 66, పెంపుడు గుర్రానికి 64, గాడిదకు 62. గాడిదకూ గుర్రానికీ పుట్టే కంచరగాడిదకు 63, జతపడని లెక్క. అందుకే దానికి పిల్లలు పుట్టడం అత్యంత అరుదు.

వెన్ను బలాన్ని ఎంచి పెంచినా గుర్రం వీపు మోత కోసం పుట్టింది కాదు. పక్కటెముకలకు ఆధారమైన 18 వెన్నుపూసలు, నడుములో సాధారణంగా ఆరు. కింద ఎంతో బరువైన పేగులు వేలాడుతుంటాయి. మెడ మొదట్లో భుజాల మీద ఎత్తుగా కనిపించే చోటు మూపు. గుర్రం ఎత్తు కొలిచేది ఇక్కడే, ఎందుకంటే తల ఎత్తినా దించినా మూపు మారదు. కొలత హ్యాండ్‌లలో చెబుతారు. ఒక హ్యాండ్ 4 అంగుళాలు. 15.2 అంటే పదిహేను హ్యాండ్‌ల 2 అంగుళాలు, దశాంశం కాదు. సాధారణంగా 14.2కు తక్కువైతే పోనీ. జీను మూపు వెనుక, పక్కటెముకలు ఆసరాగా ఉన్న భాగంలో ఆనాలి. నడుము మీదికి జారకూడదు, అక్కడ కింద ఆసరాకు ఎముక లేదు. మంచి జీను వెన్నెముకను తాకకుండా మధ్యలో సందు వదిలి, బరువును రెండు పక్కల కండల మీదికి పంచుతుంది. గుర్రానికి కాలరెముక లేదన్నది కూడా గుర్తుంచుకోవాలి. ముంగాళ్ల మధ్య ఛాతీ కండల ఊయలలోనే వేలాడుతుంది, పైగా ఒంటి బరువులో దాదాపు అరవై శాతం ముంగాళ్ల మీదే పడుతుంది. వెనుక కాళ్లను ఒంటి కిందికి తెచ్చుకుని వీపును కాస్త పైకెత్తి నడవడం నేర్పే శిక్షణను కలెక్షన్ అంటారు. చూడ్డానికి దర్పంగా ఉంటుంది కానీ దాని అసలు ప్రయోజనం ముంగాళ్ల బరువు తగ్గించడం.

మరి ఎంత బరువు మోయగలదు? 2008లో అమెరికాలోని ఒహాయోలో గుర్రాల మీద వాటి బరువులో 15 శాతం నుంచి 30 శాతం వరకు వేసి పరీక్షించారు. 20 శాతం దాకా పెద్ద తేడా లేదు. 25కు చేరాక గుండె వేగం పెరిగింది, 30 దగ్గర కండల నొప్పి స్పష్టంగా కనిపించింది. 350 కిలోల గుర్రానికి ఆ 20 శాతం అంటే జీనుతో కలిపి 70 కిలోలు. హైదరాబాద్ బరాత్‌లలో అలాంటి చిన్నపాటి గుర్రం మీద షేర్వానీ వేసుకున్న పెళ్లికొడుకు, అతని ముందు తోడు పెళ్లికొడుకు, బరువైన అలంకరణ జీను కలిస్తే ఎంతవుతుందో ఎవరైనా లెక్క వేసుకోవచ్చు.

రౌతు కాలు పెట్టుకునే రికాబు చరిత్రలో మనకూ ఒక వాటా ఉంది. క్రీస్తు పూర్వపు సాంచీ శిల్పాల్లో కాలి బొటనవేలు దూర్చుకునే ఉచ్చు కనిపిస్తుంది. పాదమంతా పట్టే రికాబుల జత చైనాలో వచ్చింది, క్రీ.శ. 415 నాటి ఒక సమాధిలో అలాంటి జత దొరికింది. రికాబు వల్ల రౌతు బరువు నేరుగా వీపు మీద దబదబ పడకుండా కాళ్ల ద్వారా జీనులోకి దిగుతుంది. గుర్రానికి ఎడమ పక్క నుంచి ఎక్కడం ఆనవాయితీ. ఆ పక్కను నియర్ సైడ్, కుడి పక్కను ఆఫ్ సైడ్ అంటారు. కాడి కట్టే రైతులకు దాపల, వలపల ఎలాగో స్వారీవాళ్లకు ఇవి అలాగ.

ఇక నడకలు. ఒక్కో నడకకూ ఒక్కో లయ ఉంది, చెవితో గుర్తుపట్టవచ్చు. వాక్ నాలుగు దెబ్బలు: ఎడమ వెనుక కాలు, ఎడమ ముంగాలు, కుడి వెనుక కాలు, కుడి ముంగాలు. ట్రాట్ రెండు దెబ్బలు. ఎదురెదురు మూలల కాళ్లు, అంటే ఎడమ ముంగాలూ కుడి వెనుక కాలూ, ఒకేసారి నేలను తాకుతాయి, ఆ వెంటనే రెండో జత. రెండు జతల మధ్య గుర్రం ఒక క్షణం గాలిలో ఉంటుంది. కొత్తగా నేర్చుకునేవారి నడుము విరిచేది ఈ నడకే. అందుకే రైజింగ్ ట్రాట్: ఒక జతకు లేవడం, మరో జతకు కూర్చోవడం. రింగులో తిరిగేటప్పుడు బయటి పక్క ముంగాలు నేలను తాకినప్పుడు కూర్చోవాలి. దిక్కు మార్చినప్పుడు రౌతు కూడా జత మార్చుకోవాలి. లేకపోతే ఎప్పుడూ ఒకే జత కాళ్ల మీద బరువు పడి వీపు ఒక పక్క బిగుసుకుంటుంది.

క్యాంటర్ మూడు దెబ్బలు. ముందు ఒక వెనుక కాలు, తర్వాత మూలల జత, చివరికి ఒక ముంగాలు. ఆ చివరి ముంగాలిని లీడ్ అంటారు. కుడి వైపు తిరిగేటప్పుడు లీడ్ కుడిదై ఉంటే గుర్రం నిలకడగా తిరుగుతుంది, ఎడమదైతే తూలుతుంది. పరుగు ఆపకుండా గాలిలోనే లీడ్ మార్చడాన్ని ఫ్లయింగ్ చేంజ్ అంటారు. గ్యాలప్‌లో మూలల జత విడిపోయి మళ్లీ నాలుగు దెబ్బలవుతాయి. గ్యాలప్‌లో నాలుగు గిట్టలూ ఒకేసారి నేల విడుస్తాయా అన్న వాదం చాలాకాలం సాగింది. 1878లో కాలిఫోర్నియాలోని పాలో ఆల్టోలో ఫొటోగ్రాఫర్ మైబ్రిడ్జ్ వరుస కెమెరాలు పెట్టి ఫొటోలు తీశాక తేలింది. విడుస్తాయి, కానీ చిత్రకారులు గీసినట్టు కాళ్లు బార్లా చాచినప్పుడు కాదు, అవి పొట్ట కిందికి ముడుచుకున్నప్పుడు. శతాబ్దాల చిత్రకళ ఒక్క రోజులో సరిదిద్దుకోవాల్సి వచ్చింది.

మన నిఘంటుకారులు కూడా నడకలను జాగ్రత్తగా విడదీశారు. అమరకోశం అశ్వగతులను ఆస్కందితం, ధౌరితకం, రేచితం, వల్గితం, ప్లుతం అని ఐదుగా చెప్పి, వాటికి పంచధారలని పేరు పెట్టింది. మార్వారీ గుర్రాలకు రెవాల్ అనే సుఖమైన నడక ప్రత్యేకం. ఐస్‌లాండ్ గుర్రాల టోల్ట్ అలాంటిదే. ఐస్‌లాండ్ గుర్రాల్లో అదనపు నడకలకు డీఎంఆర్‌టీ3 అనే ఒక్క జన్యువులోని మార్పు కారణమని 2012లో స్వీడన్ పరిశోధకులు చూపించారు.

క్యాంటర్, గ్యాలప్‌లలో ఊపిరి అడుగుకు కట్టుబడి ఉంటుంది. ముంగాళ్లు నేలకు తగిలి పేగులు ముందుకు ఊగినప్పుడు ఊపిరి బయటికి, ఒళ్లు లేచినప్పుడు లోపలికి. అడుగుకొక్క శ్వాస, అదీ ముక్కుతోనే. గుర్రం నోటితో ఊపిరి తీసుకోలేదు. విశ్రాంతిలో నిమిషానికి 30 నుంచి 40 సార్లు కొట్టుకునే గుండె పరుగులో 220 దాటుతుంది. ప్లీహంలో దాచి ఉంచిన ఎర్రకణాలు ఒక్కసారిగా రక్తంలోకి చేరతాయి. మలక్‌పేట రేసుకోర్సులో పరుగెత్తే థరోబ్రెడ్‌లు ఈ ఏర్పాటును అంచుదాకా తీసుకెళ్లిన జాతి. వాటి మగ వంశాలన్నీ మూడు గుర్రాలకు చేరతాయి: బయర్లీ టర్క్, డార్లీ అరేబియన్, గాడాల్ఫిన్ అరేబియన్. నేటి థరోబ్రెడ్‌లలో దాదాపు 95 శాతానికి మగ వంశమూలం డార్లీ అరేబియన్ ఒక్కటే. 1791లో మొదలైన స్టడ్‌బుక్, అంటే వంశావళి పుస్తకం, బయటి రక్తం రాకుండా తలుపు మూసేసింది. వేగానికి చెల్లించిన మూల్యం ఆ ఇరుకు వంశమే. పైగా ఈ గుర్రాలు రెండేళ్లకే రేసుకు దిగుతాయి, వెన్నుపూసలు పూర్తిగా గట్టిపడేది ఐదేళ్లు దాటాకే. లేత వయసులో కొద్దిపాటి పరుగు ఎముకకు మేలే చేస్తుందని పరిశోధనలు చెబుతున్నాయి. ఆ మేలు కొద్దిపాటి పరుగుకే గానీ పందెం వేగానికి వర్తించదు.

గిట్టకూ పొట్టకూ ఉన్న సంబంధం తెలియక పోయే గుర్రాలు ఎన్నో. గిట్ట లోపల చివరి ఎముక, దాని పేరు కాఫిన్ బోన్, నేల మీద ఆని ఉండదు. లామినే అనే సన్నటి పొరలు వందల సంఖ్యలో గిట్ట గోడకూ ఆ ఎముకకూ మధ్య అల్లుకుని దాన్ని వేలాడదీస్తాయి. జంతువు బరువంతా ఆ పొరల మీదే. ఇక పొట్ట సంగతి. గుర్రానికి నెమరు లేదు. జీర్ణాశయం చిన్నది, పీచు పులిసేది వెనుక పేగుల్లో. కొద్దికొద్దిగా రోజంతా మేయడానికి తయారైన కడుపు అది. కడుపు ద్వారం ఎంత గట్టిగా బిగుసుకుంటుందంటే గుర్రం వాంతి చేసుకోలేదు. దక్షిణాదిలో ఉలవలు గుర్రపు దాణాగా పేరుపడ్డాయి, మితంగా పెడితే మంచి దాణాయే. కానీ ఒకేసారి గింజలు ఎక్కువ పెడితే పిండిపదార్థం వెనుక పేగుకు చేరి అక్కడి సూక్ష్మజీవులు గతి తప్పుతాయి, ఆమ్లం పెరుగుతుంది, ఆ విషప్రభావం లామినేను వదులు చేస్తుంది. ఎముక గిట్ట లోపల కిందికి తిరిగిపోతుంది. దీన్నే లామినైటిస్ అంటారు. కడుపునొప్పి, అంటే కోలిక్, తర్వాత గుర్రాల యజమానులు అంతగా భయపడేది దీనికే.

అతి తిండి లేకుండా కూడా లామినైటిస్ వస్తుంది. 2006 మేలో అమెరికాలో ప్రీక్‌నెస్ రేసు మొదలైన కాసేపటికే, కెంటకీ డెర్బీ విజేత బార్బరో కుడి వెనుక కాలు ముక్కలైంది. ప్లేటు, మరలతో ఎముకను బిగించారు, ఎముక అతుక్కోవడం మొదలైంది కూడా. కానీ మిగతా కాళ్ల మీద బరువు పడి వాటి గిట్టల్లో లామినైటిస్ వచ్చింది. 2007 జనవరి 29న దానికి నొప్పి లేని మరణం ఇవ్వక తప్పలేదు. నెలల తరబడి పడుకుని కోలుకోవడం గుర్రానికి కుదరదు, మూడు కాళ్ల మీద నిలబడి కోలుకోవడమూ కుదరదు. కాలు విరిగితే చంపేస్తారన్న మాట వెనుక కఠినత్వం ఉందనుకునేవారికి ఈ గిట్ట లోపలి నిర్మాణం తెలియాలి.

గుర్రం కళ్లు నేల మీద తిరిగే క్షీరదాల్లోకెల్లా పెద్దవాటిలో ఉంటాయి. తల తిప్పకుండా దాదాపు 350 డిగ్రీలు కనిపిస్తుంది. కనబడనిది నుదుటి ముందు కాస్తంత, తోక వెనుక కాస్తంత. వెనుక నుంచి చప్పుడు లేకుండా వచ్చేవారిని అది తన్నేది అందుకే. నారింజ రంగు దానికి పచ్చిక నుంచి సరిగా విడివడి కనిపించదు. అది తెలిశాక బ్రిటన్‌లో హర్డిల్స్ రేసుల అడ్డంకుల మీద నారింజ తీసి తెలుపు వేశారు.

నోటి విషయంలో మాత్రం మరింత జాగ్రత్త కావాలి. ముందు పళ్లకూ దవడ పళ్లకూ మధ్య గుర్రానికి పళ్లు లేని ఖాళీ ఉంటుంది. బార్స్ అనే ఈ చోటే లేకపోతే కళ్లెం అనే వస్తువే లేదు. బయటికి ఖాళీగా కనిపించినా అక్కడ పలచటి చిగురు కింద దవడ ఎముక అంచు పదునుగా ఉంటుంది. స్నాఫిల్ అనే మామూలు కళ్లెం పగ్గం ఎంత లాగితే అంతే ఒత్తుతుంది. కర్బ్ కళ్లెం మీటలా పనిచేస్తుంది. పొడవైన కడ్డీలు, గడ్డం కింద గొలుసు వల్ల చిన్న లాగుడు కూడా నోట్లో ఎన్నో రెట్లవుతుంది. అనుభవం ఉన్న చేతిలో అది సున్నితమైన సంకేతం, అనుభవం లేని చేతిలో గాయం.

వీటిని మించినది ముళ్ల కళ్లెం. బరాత్‌లలో బ్యాండు, టపాసుల మధ్య గుర్రాన్ని కదలకుండా పట్టి ఉంచడానికి కొందరు ఇది వాడతారు. ముళ్లు నాలుకలోకీ బార్స్‌లోకీ పెదవుల మూలల్లోకీ దిగుతాయి. బండి లాగే, బరువు మోసే జంతువుల కోసం చేసిన 1965 నాటి డ్రాట్, ప్యాక్ జంతువుల నియమాల్లోని 8వ నియమం ముళ్లు, బొడిపెలు ఉన్న కళ్లేలను దేశమంతటా నిషేధించింది. పెళ్లికి గుర్రాన్ని మాట్లాడుకునేవారు బయానా ఇచ్చే ముందు గుర్రాన్ని చూసుకునే సైసుతో కళ్లెం తీయించి చూడాలి. లోహపు కడ్డీ నున్నగా ఉండాలి, దాని మీద చక్రాలు, మొనలు ఏవీ ఉండకూడదు, పెదవుల మూలల్లో పుండ్లు గానీ నురగలో ఎరుపు గానీ ఉండకూడదు. గిట్టలు ఎత్తించి లాడాలు వదులుగా ఉన్నాయేమో కూడా అప్పుడే చూసుకోవచ్చు.